ముప్ఫై రూపాయల ఫీజు

బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టు. లండన్‌లో బారిస్టరీ చదివి 1891లో తిరిగొచ్చిన కుర్ర లాయరుకు అదే తొలి కేసు. మామీబాయి అనే ఆమె తరఫున వాదించాలి. ఫీజు 30 రూపాయలు. అవతలి పక్షం సాక్షులను ప్రశ్నించాల్సిన సమయం వచ్చింది. లేచి నిల్చున్నాడు. గుండె జారిపోయింది. కోర్టు హాలంతా గిర్రున తిరుగుతున్నట్లనిపించింది. ఒక్క ప్రశ్నా నోటికి రాలేదు. కూలబడిపోయాడు. 'ఈ కేసు నా వల్ల కాదు, పటేల్‌ గారిని పెట్టుకోండి' అని ఏజెంటుకు చెప్పి, ఫీజు వెనక్కిచ్చేసి గబగబా బయటపడ్డాడు. పటేల్‌ గారు 51 రూపాయలు తీసుకుని ఆ పని చేసిపెట్టారు. ఆయనకది పిల్లలాట.

ఆ కుర్ర లాయరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ.

అప్పటికి ఇది ఆయనకు కొత్తేమీ కాదు. లండన్‌లో శాకాహారుల సంఘం కార్యవర్గంలో ఉన్నా సమావేశాల్లో నోరు మెదిపేవారు కాదు. వెంట్నర్ అనే ఊళ్లో ఓసారి ఉపన్యాసం రాసుకుని మరీ వెళ్లారు. ఒక్క కాగితం. కళ్లు మసకబారి, చేతులు వణికి అదీ చదవలేకపోతే పక్కనున్న మిత్రుడు చదివిపెట్టాడు. ఇవన్నీ గాంధీజీ తన ఆత్మకథలో దాచుకోకుండా చెప్పుకున్న సంగతులే.

మరి మార్పు ఎక్కడ మొదలైంది? 1893లో దక్షిణాఫ్రికా వెళ్లాక. అక్కడ దాదా అబ్దుల్లా వ్యాపార వ్యాజ్యం చేతికొచ్చింది. అంతా జమాఖర్చుల గొడవ. గుమాస్తా 'పీ నోటు' అంటుంటే అదేమిటో బారిస్టరు గారికి తెలియదు. తెలియదని అడగడానికి మొహమాటం. డిక్షనరీలో వెతికినా దొరకలేదు. చివరికి గుమాస్తానే అడిగితే ప్రామిసరీ నోటని తేలింది. ఊరుకోకుండా పద్దుల పుస్తకం ఒకటి కొనుక్కుని కూర్చుని చదివారు. కేసు మీద పట్టు దొరికింది. ఆ ఏడాదే ప్రిటోరియాలో అక్కడి భారతీయులను ఒకచోట చేర్చి, వ్యాపారంలో నిజాయతీ గురించి మాట్లాడారు. జీవితంలో తన మొదటి ప్రసంగం అదేనని ఆయనే రాసుకున్నారు. ఏం చెప్పాలో ఈసారి బాగా ఆలోచించుకుని వెళ్లారు.

పొద్దున్నే అద్దం ముందు నిలబడి 'నేను సాధిస్తాను' అని పదిసార్లు అనుకోమనే క్లాసులకు మన ఊళ్లలో కొదవలేదు. ఫీజు మాత్రం ముప్ఫై రూపాయలు కాదు! స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇంకో మాట చెబుతుంది. నమ్మకానికి అన్నిటికంటే గట్టి పునాది స్వయంగా ఓ పని చేసి నెగ్గిన అనుభవం. మనలాంటివాళ్లే ఆ పని చేస్తుంటే చూడటం ఆ తర్వాతిది. ఎదుటివాళ్లు 'నువ్వు చేయగలవురా' అని భుజం తట్టడం పనికొస్తుంది కానీ, దాని బలం ఈ రెండింటికంటే తక్కువే.

కాబట్టి ఆఫీసు మీటింగులో గొంతు పెగలనివాళ్లు మొదటిరోజే పెద్ద ఉపన్యాసానికి సిద్ధపడక్కర్లేదు. రేపటి అంశం ఏమిటో కనుక్కుని, దాని మీద ఒక్క ప్రశ్న రాసుకెళ్లి అడిగితే చాలు. బ్యాంకు కాగితమైనా సరే ఎప్పుడూ మావారే నింపుతారనే ఇల్లాలు ఈసారి తానే నింపి, ఆయన్ని పక్కన కూర్చోమనవచ్చు. తప్పు పోతే ఇంకో కాగితం. పిల్లల దగ్గర పెద్దలు చేసే పొరపాటూ ఇక్కడే. నలుగురిలో పలకరించినప్పుడు పాప తడబడితే, 'మా అమ్మాయికి సిగ్గండీ' అంటూ జవాబు తామే చెప్పేస్తారు. ఆ నాలుగు క్షణాలూ ఓపిక పడితే ఏదో ఒకటి తనే చెబుతుంది కదా.

గాంధీజీ బిడియమైతే పూర్తిగా పోలేదు. కొత్తవాళ్ల ముందు మాట్లాడాల్సి వస్తే తర్వాత కూడా తటపటాయించేవారు, వీలైతే తప్పించుకునేవారు. ఆ బిడియం వల్లే మాటలు పొదుపుగా వాడటం అలవాటైందని, అది తనకు మేలే చేసిందని రాశారు.