బాలాపురమున పెద్దల కళాశాల

1994వ సంవత్సరమున బాలాపుర గణేశుని లడ్డు వేలములో 450 రూపాయలు పలికెను. 2025లో అదే లడ్డు 35 లక్షలు పలికెను. ఈ సొమ్ము గ్రామాభివృద్ధికి వినియోగపడుచున్నదని చదువరు లెఱుగుదురు. ఇకమీద వచ్చు సొమ్ములో నొక భాగముతో బాలాపురమున పెద్దవారి కొఱకు ఒక కళాశాలను నెలకొల్పవలెనని మా సూచన.

పొరుగుననున్న దిల్‌సుఖ్‌నగరమున చదువు చెప్పు తావులకు కొదువయా? అడుగడుగునను కోచింగు సెంటర్ల బోర్డులే. ఇరువదేండ్ల యువకునికి అవి తలుపులు తెఱచియే యుంచును. నలువదేండ్ల తాపీమేస్త్రికి, పగలెల్ల ఆటో నడుపువానికి, బిడ్డలు ఎదిగిన పిదప చదువ గోరు ఇల్లాలికి తలుపెక్కడ? మేస్త్రి దారమునకు గుండు కట్టి గోడ నిలువు చూచును. ఆ గుండు అట్లే ఏల నిలుచునో తెలిసికొనవలెనని యతనికి లేదని ఎవరు చెప్పగలరు? అతడు అడుగలేదనుట సులభము; అడుగుటకు తావు కల్పించితిమా?

సార్వత్రిక విశ్వవిద్యాలయము లేదా యని కొంద రాక్షేపింతురు. ఉన్నది, దానిని తక్కువచేయుట మా యుద్దేశము కాదు. 1982లో మన రాష్ట్రమున వెలసిన ఆ సంస్థ దేశములోనే అట్టివానిలో మొదటిది. జి. రాంరెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులు. బడిమెట్టు ఎక్కనివారు సైతము ప్రవేశపరీక్ష వ్రాసి పట్టపు చదువునకు చేరవచ్చునని నాడు విధించిరి. అది సామాన్యమైన సాహసము కాదు. 1991లో దానికి అంబేడ్కరు మహాశయుని పేరు పెట్టిరి. అయినను దూరవిద్యకొక మితి కలదు. ఆదివారపు తరగతులు కొంత తోడైనను, మిగిలిన దినములలో పనినుండి అలసివచ్చినవాడు ఒంటరిగనే పుస్తకముతో పోరాడవలెను. పోరాడి పోరాడి మూసిపెట్టినవారిని మేమెఱుగుదుము. వారికి కొఱవడినది తెలివి కాదు, తోడు.

డెన్మార్కు దేశమున గ్రుంట్విగ్ అను మతాచార్యుని బోధవలన 1844లో రోడింగ్ గ్రామమున మొదటి జానపద విద్యాలయము వెలసెను. రైతుబిడ్డలు ఒకచోట చేరి కలిసి బ్రతుకుచు చరిత్రను, స్వభాషను నేర్చిరి. పరీక్ష లేదు, పట్టము లేదు. ఆ దేశపు సహకారోద్యమమునకు ఇట్టి విద్యాలయములు గొప్ప బలమైనవి. మన బందరులో 1910లో కోపల్లె హనుమంతరావుగారు, వారి మిత్రులు స్థాపించిన జాతీయ కళాశాలయు చదువుతో చేతిపనిని జతపఱచెను. హైదరాబాదుననో, 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయపు పఠనమందిరమే ఎందఱో పెద్దలకు కళాశాలయయ్యెను.

బాలాపుర కళాశాల ఎట్లుండవలెను? చేరుటకు ధ్రువపత్ర మడుగరాదు. పురుషులకు రాత్రి, స్త్రీలకు మధ్యాహ్నము తరగతులు. తల్లులు చదువుచుండగా పసివారిని చూచుటకొక మనిషి. ఇది లేనిచో స్త్రీల తరగతి కాగితముమీదనే నిలిచిపోవును. తెలుగుతోపాటు ఉర్దూ మాటాడువారిని మఱువరాదు. పాఠములు జీవితమునుండి మొదలుకావలెను. పొలములు ప్లాట్లయిన ఈ ప్రాంతమున పహాణీని, దస్తావేజును చదువలేక ఇతరుల మాట నమ్మి వ్రేలిముద్ర వేయువానికి మొదటి పాఠమేదో వేఱుగ చెప్పనక్కఱలేదు. అచటినుండి చట్టము, లెక్క, చరిత్ర, శరీరధర్మము వచ్చును. మేస్త్రి కొలతలు చెప్పునాడు గణితోపాధ్యాయుడు బల్లమీద కూర్చుండి వినవలెను.

పట్టము లేని చదువెవరికని మఱియొక ప్రశ్న. పట్టము కోరువారు సార్వత్రిక విశ్వవిద్యాలయమున పేరు నమోదుచేసికొని, ఇచట కూడి చదువుకొనవచ్చును. కోరనివారిని బలవంతపెట్టుట ఏల?

ఇది ప్రయోగము, చెడవచ్చును. రెండేండ్ల గడువు పెట్టి, ఎందఱు చేరిరో, ఎందఱు మానిరో, ఏల మానిరో దాచక ప్రకటింపవలెను. సాయంకాలమైన పిదప పాఠశాల గదులకు తాళములు పడుచున్నవి. రాబోవు వినాయకచవితికి ముందే గ్రామపెద్దలు సభ చేసి, రెండు గదుల తాళపుచెవులు, నలుగురు బోధకుల జీతము, ఈ రెంటిని తేల్పుదురుగాక.