ఆకాశంలో నలభై నిమిషాలు, నేలమీద నాలుగు గంటలు

జక్రాన్‌పల్లి నుంచి శంషాబాద్‌కు గాలిదారిలో 160 కిలోమీటర్ల పైచిలుకు. చిన్న విమానంలో నలభై నిమిషాల ప్రయాణం. రోడ్డు మీద నిజామాబాద్ మనిషికి అదే శంషాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు, నాలుగు గంటలు. ఈ రెండు లెక్కల నడుమ ఉన్న తేడాయే మన జిల్లా మీద చూపిన నిర్లక్ష్యానికి కొలత.

2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు తరలినప్పుడే మనకు దూరం పెరిగింది. నగరం దాటి అవతలికి పోవలసి వచ్చింది. దానికి తోడు, 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్లపాటు మరో విమానాశ్రయం కూడదన్న షరతుకు 2004 ఒప్పందంలోనే తలూపారు. ఆ షరతు వరంగల్ మామునూరుకు అడ్డుపడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకు దారి విడిచింది. సంతోషమే. మరి జక్రాన్‌పల్లి సంగతేమిటి? మనం ఆ 150 కిలోమీటర్ల గీతకు అవతలే ఉన్నాం! మనకు ఎవరి మినహాయింపూ అక్కరలేదు. సర్వేలైతే జరిగాయి. విమానం మాత్రం ఎగరలేదు.

2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజే కడప నుంచి, మన పొరుగున ఉన్న నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు విమానాలు నడిచాయి. మనం తలెత్తి చూస్తూ ఉండిపోయాం.

హైదరాబాద్‌కు బస్సు ఉండగా విమానమెందుకని దెప్పేవారున్నారు. ఒక్క హైదరాబాద్ కోసమే అయితే మనమూ అడగం. మనకు కావలసింది ముంబై, ఢిల్లీ దారి. ముంబై ఇక్కడికి గాలిదారిలో 570 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పడుతుంది.

ఈ దారి కావలసింది దొరబాబులకు కాదు. ఊళ్లో పని దొరక్క దశాబ్దాలుగా దుబాయ్, మస్కట్ బాట పట్టిన జిల్లా మనది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూడా 2015 డిసెంబరులో మూతపడింది. కొడుకును సాగనంపడానికి జీపు మాట్లాడుకునే తల్లిదండ్రులున్నారు. అదే దారిలో శవపేటిక కోసం అంబులెన్స్ మాట్లాడుకున్నవారూ ఉన్నారు.

రన్‌వే వేసినంత మాత్రాన విమానం దానంతటదే రాదు. నాందేడ్‌కు నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. కాబట్టి శంకుస్థాపన ఫలకం చూపిస్తే చాలదు. ఏ సంస్థ, ఏ ఊరికి, ఎన్నేళ్లు నడుపుతుందో ముందే తేల్చాలి. భూములిచ్చే రైతులకు 2013 చట్టం ప్రకారం పరిహారం చేతికందాకే గుంట నేలనైనా ముట్టుకోవాలి. ఒకరి పొలం లాక్కొని మరొకరికి రెక్కలు తొడగడం మనం కోరిన అభివృద్ధి కాదు.

స్వరాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది. తప్పంతా పాత పాలకుల మీద నెట్టే రోజులు పోయాయి. జక్రాన్‌పల్లికి తేదీ చెప్పండి. విద్యార్థులు, ఉద్యోగులు, రైతులు, గల్ఫ్ కుటుంబాలు ఒక్క గొంతుతో అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే: ఎప్పుడు?