మద్దెల నిజంగానే ఓడైతే?

'ఆడలేక మద్దెల ఓడు' అని మన పెద్దలొక సామెత చెప్పారు. పని చేతకానివాడు పనిముట్టును తిడతాడని దాని భావం. మంచి సామెతే. కాని, మద్దెల నిజంగానే ఓడైతే ఆడేవాడి గతేమిటి? అందునా అది ప్రాణాలొడ్డి ఆడే ఆటైతే?

యుద్ధరంగంలో తుపాకీ మొరాయిస్తే నింద ముందు పడేది సైనికుడి మీదే. 'శుభ్రం చేసుకోలేదు', 'వాడటం చేతకాదు' అనేస్తారు పైవాళ్ళు. ఇది ఒక్క దేశపు జబ్బు కాదు. వియత్నాంలో అమెరికా తన సైనికులకు ఎం-16 రైఫిళ్ళిచ్చింది. తూటాలో మందు రకం మార్చేశారు. తూటా కూర్చునే గదికి క్రోమియం పూత వేయలేదు. శుభ్రం చేసుకునే సామాను సరిగా ఇవ్వలేదు. ఖాళీ తొడుగు లోపలే ఇరుక్కుపోయేది. సైనికులు ఇళ్ళకు రాసిన ఉత్తరాలు చట్టసభ దాకా వెళ్ళి, 1967లో విచారణ జరిగాక గాని నిజం బయటపడలేదు. ఆ తర్వాత లోపాలు దిద్దారు. ఆ వంశపు రైఫిళ్ళు నేటికీ వాడుకలో ఉన్నాయి.

మరి మన ఇన్సాస్ సంగతి? 1999 కార్గిల్ యుద్ధంలో, ఆ ఎత్తుల్లో, ఆ చలిలో ప్లాస్టిక్ మేగజైన్లు పగిలాయనీ, కాలుస్తుండగా రైఫిల్ ఇరుక్కుపోయిందనీ ఫిర్యాదులొచ్చాయి. మన హైదరాబాదు మేజర్ పద్మపాణి ఆచార్య ప్రాణాలర్పించి మహావీరచక్ర పొందింది ఆ కొండల మీదే. అటువంటి ధైర్యానికి ఆయుధం తోడుండాలా, అడ్డు తగలాలా? 2005లో నేపాల్ సైన్యం మావోయిస్టులతో పోరులో 43 మందిని పోగొట్టుకొని, ఇన్సాస్ మొరాయించిందని వాపోయింది. సరిగా వాడకపోవడమే కారణమని మన రాయబార కార్యాలయం జవాబిచ్చింది. మళ్ళీ అదే సామెత! ఇన్సాస్ బదులుగా 72,400 రైఫిళ్ళకు అమెరికా కంపెనీతో ఒప్పందం కుదిరింది 2019లో. కార్గిల్ ముగిసిన ఇరవై ఏళ్ళకన్నమాట!

తప్పంతా ఎప్పుడూ యంత్రానిదే అనటం లేదు నేను. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ రావత్‌తోపాటు మన కురబలకోట మండలపు బిడ్డ లాన్స్‌నాయక్ సాయితేజ కన్నుమూశాడు. యంత్రలోపం కాదు, హఠాత్తుగా మారిన వాతావరణంలో పైలట్ దిక్కు తప్పడమే కారణమని విచారణ తేల్చింది. అలా తేల్చగలగడానికి హెలికాప్టర్‌లో మాటలనూ, గమనాన్నీ నమోదు చేసే పెట్టెలున్నాయి. జవాను చేతిలోని రైఫిల్‌కు ఏ పెట్టె ఉంది? దానికున్న సాక్షి ఆ జవాను నోరొక్కటే. ఆ నోరు మూయిస్తే ఇక నిజం చెప్పేదెవరు?

'లోపాలు బయటికి చెబితే స్వదేశీ పరిశ్రమకు చెడ్డపేరు కదా!' అంటారు కొందరు మిత్రులు. ఎం-16 స్వదేశీ కాదే! పేరు చెడగొట్టేది ఫిర్యాదు కాదు, దాన్ని తొక్కిపెట్టడం.

నా మాట ఒక్కటే. జవాను ఫిర్యాదు క్రమశిక్షణ ఉల్లంఘన కాదు, అది ప్రయోగశాలకు అందిన ఫలితం. దాన్ని నేరుగా రూపకర్తకు చేర్చాలి. గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. డిజైన్ చేసినవాడు ఆ మంచులో నాలుగు రోజులుండి తన రైఫిల్‌ను తానే కాల్చి చూడాలి.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో నాణ్యత పరీక్షకులవుతారు. అక్కడ తయారైన ఏసీ చెడితే కొన్నవాడు ఫోన్ చేసి అరుస్తాడు, మెకానిక్ వస్తాడు. మరికొందరు ఏ రక్షణ సంస్థలోనో చేరతారు. అక్కడ మీరు 'పాస్' అని సంతకం పెట్టిన సరుకు కొండ మీద మొరాయిస్తే, అరవడానికి ఆ జవాను మిగలకపోవచ్చు. సంతకం పెట్టేముందు అది గుర్తుంచుకోండి. నమ్మకం కుదరకపోతే, పైవాడెంత ఒత్తిడి చేసినా 'ఫెయిల్' అని రాయండి. దేశభక్తికి అంతకంటే పెద్ద పరీక్ష మీకెదురు కాదు.