కథ మనది, పెట్టుబడి ఎవరిది?

పొందూరు ఖద్దరు కట్టి సభలకెక్కే పెద్దలు మడత నలగకుండా చూసుకుంటారు. వాలుగ చేప దవడతో పత్తి దువ్విన అమ్మ చేతుల్ని మాత్రం చూడరు. సినిమా సంగతీ అంతే.

మన సిక్కోలు బిడ్డ కరుణకుమార్ 2020లో 'పలాస 1978' తీశాడు. జీడిపప్పు ఊళ్లో షావుకార్లు కత్తుల్లా వాడుకున్న అన్నదమ్ముల కథ. పేట తెర మీదికొచ్చింది. మన యాస హీరో నోట పలికింది. 2021లో 'శ్రీదేవి సోడా సెంటర్'లో, కులం కోసం కన్నకూతుర్నే చంపే తండ్రిని నిలబెట్టి చూపించాడు. 2024లో 'మట్కా' దగ్గరికొచ్చేసరికి జూదం రాజు కథ, పెద్దింటి హీరో. కులం ప్రశ్న ఎక్కడికి పోయింది?

ఆయన్ని మేం తిట్టడం లేదు. సినిమాకి డబ్బు పెట్టేదెవడు, థియేటర్లు ఎవడి గుప్పిట్లో ఉన్నాయని అడుగుతున్నాం. మనల్నీ అడుగుతున్నాం. పేట బరువంతా ఒక్కడి భుజాన పెట్టి, మన కుర్రాళ్లు దొరల హీరోలకి పాలాభిషేకాలు చేస్తుంటే తప్పెవరిది?

అన్నలారా, అక్కలారా! ఈ పక్షం పేటలో నలుగురూ కూడి 'పలాస' చూడండి. చూసి లేచిపోకండి, మాటాడండి. దారం తీసిన చేతికి కూలి అడిగినట్టే, కథ ఇచ్చిన పేటకి వాటా అడుగుదాం.