ఖాళీ ట్యాంకు

ఉత్తరపారాలో 1958 నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్ కార్లు నేటికిని మన వీధులలో అక్కడక్కడ తిరుగుచున్నవి. ఉక్కురేకు ట్యాంకులో తేమ చేరి తుప్పు పట్టి, అడుగున పెట్రోలు కారుట వాటికి వార్ధక్యపు జబ్బు. సబ్బుముక్క రుద్ది ఆపుదురు. సబ్బు పెట్రోలులో కరగదు గనుక ఇల్లు చేరువరకు నిలుచును. దానిని మరమ్మతు అనరాదు.

అసలు మరమ్మతు మాటు వేయుట. ప్రాణాపాయమును అందులోనే కలదు. నిండు ట్యాంకుకన్న ఖాళీ ట్యాంకు భయంకరము. పెట్రోలు వంపివేసినను ఆవిరి మిగులును. గాలిలో ఆ ఆవిరి నూటికి సుమారు 1.4 నుండి 7.6 పాళ్లున్నచో నిప్పురవ్వ చాలును. గాలికంటె బరువైనది గనుక మూత తీసినంతనే పోదు. కావున ట్యాంకును విప్పి, సబ్బు కలిపిన వేడినీటితో పలుమార్లు కడిగి, చిల్లుకు కొంచెము దిగువ వరకు నీరు నింపి, మంట దగ్గరకు రానీయక, దూరమున కాచి తెచ్చిన రాగికడ్డీతో టంకము పెట్టవలెను.

ఈ పద్ధతి మంచి ఉస్తాదులందరు ఎరుగుదురు. కారణము మాత్రము షాగిర్దుకు చెప్పువారు అరుదు. మన రసాయనశాస్త్ర విద్యార్థికి కారణము కంఠస్థము. ట్యాంకు కారులో ఎచటనుండునో తెలియదు! షెడ్లలో పనిచేయు కుర్రవారిలో మన విద్యార్థుల తమ్ములును ఉన్నారు. కళాశాల సంఘమువారు ఏటా ఒక దినము ఉస్తాదులను ప్రయోగశాలకు ఆహ్వానింపవలెనని నా అభిప్రాయము. జాగ్రత్తలను ఒక కాగితముపై ఉర్దూ, తెలుగులలో వ్రాయు పనిని మా రెండు శాఖలు చేయగలవు. షెడ్డు గోడలకు అంటించుటకు కొంచెము మైదాపిండి చాలును.