తీగ ధర, స్వరం తేడా

ఖరీదైన తీగలు వేయిస్తే కారు స్టీరియో స్వరం మెరుగవుతుందని నమ్మి వేలు వెచ్చించే కుటుంబాలున్నాయి. ముందు లెక్క చూద్దాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ 3 మీటర్లు వేస్తే, రానూపోనూ దాని నిరోధం సుమారు 0.07 ఓములు. కారు స్పీకరుది సాధారణంగా 4 ఓములు. తీగలో పోయే శక్తి 2 శాతం లోపే. ఆ తేడాను చెవి పసిగట్టలేదు. కనుక ధర కాదు, మందం చూడాలి. అది అసలు రాగియా, రాగి పూత పూసిన అల్యూమినియమా అని అడగాలి.

యాంప్లిఫయరు పెట్టించుకునేవారికి మేము చెప్పేదొకటే: బ్యాటరీ నుంచి వచ్చే తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. అది లేనప్పుడు తీగ పైపొర ఒరుసుకుపోయి షార్టు సర్క్యూటైతే మంటలు రేగవచ్చు. ఆలుబిడ్డలు ప్రయాణించే బండిలో ముందుగా అడగవలసింది ఆ ఫ్యూజు గురించే.