అడవిపందికి ఏ గుండు?



అడవిపందుల మంద ఒక్క రాత్రిలో వేరుశనగ, మొక్కజొన్న చేలను ధ్వంసము చేయుట మీకు క్రొత్తగాదు. చేనిచుట్టు కరెంటు తీగె పెట్టుట, నాటుబాంబులు పెట్టుట నేరము. వాటికి పశువులును, మనుష్యులును బలియగుచున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము 11వ సెక్షను ప్రకారము, పైరుకు హాని చేయు పందిని కాల్చుటకు అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి పొందవచ్చును. అనుమతి వచ్చినపిమ్మట అందరును తుపాకిని గురించి మాట్లాడుదురు. గుండును గురించి అడుగువారు అరుదు. ముందుగా అడుగవలసినది గుండును గురించియే అని నా అభిప్రాయము.

రైఫిలు గుండ్లు ముఖ్యముగా రెండు రకములు. సైనికుల గుండుకు కొనవరకు గట్టి లోహపు తొడుగుండును. అది పందిని దూసికొని ఆవలకు పోవును. పంది వెంటనే పడదు. ఆవలకు పోయిన గుండు ఎవరికి తగులునో తెలియదు. రెండవది, కొనయందు సీసము బయటికి కనబడు 'సాఫ్ట్ నోస్' గుండు. ఇది తగిలినంతనే పుట్టగొడుగువలె విచ్చుకొని, తన బలమును చాలవరకు జంతువులోనే వినియోగించును. విచ్చుకొను గుండ్లను యుద్ధములో వాడరాదని 1899లో హేగ్ ప్రకటన నిషేధించినది. మరి వేటలో ఎట్లు తగునని అడుగవచ్చును. యుద్ధములో శత్రువును ఆపిన చాలును. వేటలో జంతువు బాధపడక త్వరగా చావవలెను.

అట్లని విచ్చుకొను ప్రతి గుండును పందికి తగదు. అమెరికాలో గొర్రెల మందలపై బడు కొయోటి అను నక్కవంటి జంతువునకు .223 రైఫిలులో 55 గ్రెయిన్ల, అనగా సుమారు 3.5 గ్రాముల, తేలిక గుండు వాడుదురు. చిన్న జంతువు గనుక అది చాలును. పోతుపంది భుజముపై దళసరియైన గట్టి పొర కలదు. తేలిక గుండు అక్కడనే చితికి, పైగాయము మాత్రమే చేయవచ్చును. గాయపడిన పంది మరునాడు కలుపు తీయు కూలీలపై బడును. మన దేశమున తయారగు .315 రైఫిలుకు బరువైన సాఫ్ట్ నోస్ గుండు తగినది. .22 గుండు పందికి పనికిరాదు. కాని గురి తప్పినచో అదియు మైలు దూరము దాటి పోగలదు. 12 బోరు తుపాకియైనచో పిట్టలకు వాడు సన్న గుళ్ళు గాక, పెద్ద గుళ్ళుగల ఎల్.జి. తూటాను, అదియు 30 గజములలోపుననే వాడవలెను.

మన చేల నడుమ బాటలు, గుడిసెలు, కాపలావారు ఉందురు. కావున కాల్చువానిని మంచెపై కూర్చుండబెట్టుడు. పైనుండి కాల్చిన గుండు తప్పినను నేలలో దిగును. నిలిచిన మొక్కజొన్నలోనికి చప్పుడునుబట్టి కాల్చనీయరాదు. చచ్చిన పంది ప్రభుత్వపు ఆస్తి; మాంసము పంచుకొనక అటవీ సిబ్బందికి అప్పగింపుడు.

లైసెన్సు గల షూటరు మీ ఊరికి వచ్చినపుడు ఏ తూటా తెచ్చినాడో చూపుమనుడు. సరియైనది కానిచో ఆ రాత్రి వేట మానిపింపుడు. పోయిన పైరును మరల వేసికొనవచ్చును.